దుంగలో సహాయ కేంద్రం

ఒక పెద్ద అడవిలో... పెద్దదంటే మామూలు పెద్దది కాదండీ, ఈ చివర తుమ్మితే ఆ చివర 'చిరంజీవ' అనడానికి సాయంత్రమయ్యేంత పెద్ద అడవి, అందులో ఒక కంపెనీ ఉండేది. అడవి సరుకుల కంపెనీ. కొండ మీద తేనె తీసేవాళ్ళు. వాగు పక్కన పెద్ద బండ మీద చింతపండు ఎండబెట్టేవాళ్ళు. లోయలో కొట్టు కట్టి అందులో గింజలు దాచేవాళ్ళు.

తేనె పని ఎలుగుబంటి జాంబయ్యది. చింతపండు పని కొండముచ్చు కొండలరావుది. గింజల కొట్టు అడవిపంది వరహాలు చూసుకునేవాడు. చూసుకోవడమంటే, దాని గుమ్మానికి అడ్డంగా పడుకునేవాడు. వీళ్ళందరి మీదా ఏనుగు ఐరావతమ్మగారు.

అయితే సరుకు తీసేవాళ్ళుంటే సరిపోదు కదా. వాళ్ళకి పక్కన సాయానికి కూడా ఎవరో ఒకరుండాలి. కొండ దారిలో నాగుపాములు రాకుండా ముంగిస పైడమ్మ కాపలా. గింజల కొట్టులో ఎలుకలు చేరకుండా జెర్రిపోతు సుబ్బరాయుడు కాపలా. ఇక చింతపండు బండ దగ్గర వాన కబురు చెప్పడానికి కప్ప జలజాక్షి.

ఈ జలజాక్షి మంచిదే గానీ కాస్త వాగుడెక్కువ. బండ పక్కన చిన్న నీటిగుంట, అదే ఆవిడకి ఇల్లు, అదే ఆఫీసు. ఒంటికి గాలిలో తడి తగిలిందంటే చాలు, గొంతు విప్పేది. ఆవిడ బెకబెకలు వినబడగానే కొండముచ్చులు ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి చింతపండంతా గుహలోకి ఎత్తేసేవి. తర్వాత వాన కురిసేది. మిగతా టైములో ఆ దారిన వచ్చిపోయేవాళ్ళని ఆపి పిల్లలెలా ఉన్నారు, మోకాలి నొప్పి తగ్గిందా అని అడుగుతూ కూర్చునేది.

ఇలా ఏళ్ళ తరబడి ఏ గొడవా లేకుండా నడిచిపోయింది. ఏ గొడవా లేకపోవడమే గొడవైంది.

ఎలాగంటారా? ఆ ఏడు ఎండాకాలం చివర్లో ఐరావతమ్మగారు తనిఖీకి బయల్దేరారు. కొండ దగ్గరికెళ్తే పైడమ్మ రాయి మీద ఎండ కాచుకుంటోంది. ఒక్క పామూ లేదు. కొట్టు దగ్గరికెళ్తే సుబ్బరాయుడు చుట్ట చుట్టుకుని కునుకు తీస్తున్నాడు. ఒక్క ఎలుకా లేదు. బండ దగ్గరికెళ్తే ఆకాశం నీలంగా ఉంది, జలజాక్షి ఒక తాబేలుకి కాపురం విషయంలో సలహా ఇస్తోంది.

"ముగ్గురూ ఖాళీయే!" అన్నారు ఐరావతమ్మగారు. ఆవిడ చెవులు రెండూ టపటపా కొట్టుకున్నాయి. "ఒక్క చోట ఖాళీగా కూర్చోవాల్సిన పనిని మూడు చోట్ల కూర్చుని చేస్తున్నారన్నమాట."

పాములు లేనిది పైడమ్మ ఉండబట్టి, ఎలుకలు లేనిది సుబ్బరాయుడు ఉండబట్టి అని చెబుదామని జలజాక్షి నోరు తెరిచింది. అప్పటికే ఆవిడ తొండం తిప్పుకుని వెళ్ళిపోయారు. ఏనుగుకి వెనక నుంచి ఎవరు ఏం చెప్పినా వినబడదు కదండీ.

మర్నాడే మీటింగు పెట్టారు. పొరుగడవి నుంచి ఒక సలహాదారుని కూడా పిలిపించారు. ఊసరవెల్లి రంగనాయకులుగారు. ఆయన వచ్చి, ఒక కొమ్మ మీద కూర్చుని, ఒక కన్ను ఐరావతమ్మగారి మీద, ఇంకో కన్ను మిగతా అందరి మీద పెట్టి మొదలుపెట్టారు.

"ప్రశ్న చాలా సులువండీ. సాయం చేసేవాళ్ళని ఎక్కడివాళ్ళనక్కడ ఉంచాలా, అందర్నీ ఒక్క చోట కూర్చోబెట్టి ఎవరికి కావాలంటే వాళ్ళకి పంపాలా?"

"ఎక్కడివాళ్ళనక్కడే ఉంచాలి," అన్నాడు జాంబయ్య. "నాకు దారిలో పాము కనబడితే, కబురు పంపి, ఎవరో వచ్చేదాకా దాంతో కబుర్లు చెప్పుకుంటూ కూర్చోమంటారా?"

రంగనాయకులు చప్పున జాంబయ్య ఒంటి రంగులోకి మారిపోయారు. "నల్లగా, స్పష్టంగా చెప్పారు. నూటికి నూరుపాళ్ళు నిజం."

"అదేం లేదు," అన్నాడు కొండలరావు తోక విదిలించి. "అందర్నీ ఒక్క చోట పెట్టాల్సిందే. ఆ చోటు మా బండ పక్కనే ఉండాలి. వాళ్ళని నేనే చూసుకుంటాను."

రంగనాయకులు బూడిద రంగులోకి వచ్చేశారు. "దూరదృష్టి అంటే ఇదీ."

వరహాలు నిద్దట్లో గురక పెట్టాడు. రంగనాయకులు కాస్త మట్టిరంగు కూడా కలిపి, "వరహాలుగారి మౌనంలో కూడా చాలా అర్థముంది," అన్నారు.

అసలు చిక్కల్లా వానలు. వానలు గట్టిగా పడితే మధ్యలో వాగు పొంగుతుంది, ఈ పక్కవాళ్ళు ఆ పక్కకి పోలేరు, అప్పుడు ఎక్కడివాళ్ళక్కడుంటేనే మంచిది. వానలు పడకపోతే ఎక్కడా అంత పనుండదు, అందరూ ఒక్క చోటున్నా సరిపోతుంది. మరి ఈ ఏడు పడతాయా, పడవా? అందరూ జలజాక్షి వైపు తిరిగారు.

"నాకు ఆ పూట వాన తెలుస్తుందమ్మగారూ, ఆ ఏడు వాన ఎలా తెలుస్తుంది?" అంది జలజాక్షి. "మబ్బు దగ్గరికొస్తే చెబుతా. ఎక్కడో సముద్రం మీద ఉన్నదాన్ని అడిగితే నేనేం చెప్పను?"

"ఉజ్జాయింపుగా?" అన్నారు రంగనాయకులు.

"ఉజ్జాయింపుగా, తెలీదండీ."

"అంటే పడొచ్చు."

"పడొచ్చు."

"పడకపోనూవచ్చు."

"పోనూవచ్చు."

"చూశారా," అన్నారు రంగనాయకులు ఐరావతమ్మగారితో. "నిపుణురాలు రెండింటినీ ఖాయం చేశారు."

జలజాక్షి ఊరుకోలేదు. ఊరుకోవడం ఆవిడకి చేతకాదు. "అమ్మగారూ, తెలీనప్పుడు అంతా ఒకేసారి మార్చెయ్యడమెందుకండీ? మాలో ఒక్కర్ని కదిపి చూడండి. ఈ వానాకాలం ఎలా ఉంటుందో చూసి, బాగుంటే మిగతావాళ్ళని కదుపుదురు గాని. బాలేదంటే ఆ ఒక్కరినీ తిరిగి పంపెయ్యొచ్చు. ఎవరికీ నష్టముండదు."

సభంతా పెదవి విరిచింది. మాట బాలేనందుకు కాదు, మరీ చిన్నగా ఉన్నందుకు.

"కొంచెం కదిపి చూడ్డం చిన్న జంతువుల పని జలజాక్షీ," అన్నారు ఐరావతమ్మగారు జాలిగా. "నేను కదిలితే మొత్తం కదలాలి. అడవంతా తెలియాలి."

అదిగో, అలా తేలిపోయింది. అడవి మధ్యలో గాలివానకి పడిపోయిన ఒక పెద్ద మద్దిచెట్టు దుంగ ఉంది. లోపలంతా బోలు. దాన్ని శుభ్రం చేయించి, ముందర మామిడాకులు కట్టించి, 'సహాయ కేంద్రం' అన్నారు. ముగ్గురూ అందులోనే కూర్చోవాలి. ఎవరికే అవసరమొచ్చినా అక్కడికి కబురు పంపాలి. వంతు ఎవరిదైతే వాళ్ళు వెళ్ళాలి. ఎవరి పని ఎవరికొచ్చు అన్న ప్రశ్న లేదు, సాయం అంటే సాయమే అన్నారు రంగనాయకులు. జలజాక్షి గొంతు పెద్దది కాబట్టి కబుర్లు అందుకుని వంతులు పిలిచే పని ఆవిడకిచ్చారు.

ముగ్గురూ దుంగలో అడుగుపెట్టాకే అసలు సంగతి బయటపడింది. ఇన్నాళ్ళూ తలా ఒక మూల ఉండేవాళ్ళు కాబట్టి ఎవరికీ తట్టలేదు.

జెర్రిపోతు కప్పని తింటుంది. ముంగిస జెర్రిపోతుని తింటుంది.

సుబ్బరాయుడు జలజాక్షిని చూసి మర్యాదగా తల వంచాడు, నాలుక ఒకసారి అలా బయటికొచ్చి లోపలికెళ్ళింది. పైడమ్మ సుబ్బరాయుణ్ణి చూసింది, ఒంటి మీద వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకున్నాయి. జలజాక్షికి గొంతు తడారిపోయింది. ఆవిడ జీవితంలో అదే మొదటిసారి.

"సార్!" అంటూ రంగనాయకులు దగ్గరికి గెంతింది. "ఇందులో ఒకళ్ళనొకళ్ళు తినేవాళ్ళం ఉన్నాం సార్!"

"అన్నీ ఆలోచించే పెట్టామమ్మా," అన్నారాయన కొమ్మ మీంచి. "నియమం ఉంది. ఆఫీసు టైములో ఎవరూ ఎవర్నీ తినరాదు."

"మరి భోజనాల టైములో?"

రంగనాయకులు లేతాకుపచ్చగా నవ్వారు. "భోజనాల టైము ఎవరి సొంతం వాళ్ళదమ్మా. అందులో కంపెనీ ఎలా జోక్యం చేసుకుంటుంది?"

పైడమ్మ మాత్రం ధైర్యం చెప్పింది. "నువ్వు భయపడకు వదినా. కప్పలంటే నాకు చిన్నప్పట్నుంచీ సయించవు. ఆయన నీ వైపు కదిలాడంటే నేనాయన వైపు కదులుతాను. నేనున్నంతసేపూ నీకేం కాదు."

అదండీ విషయం. పైడమ్మ ఉన్నంతసేపూ. కానీ వంతు వస్తే పైడమ్మ వెళ్ళాలి కదా?

మొదటిరోజే వెళ్ళింది. వరహాలు కొట్టులో ఎలుకల అలికిడి అని కబురొచ్చింది, వంతు పైడమ్మది. ఎలుకల పని తెలిసిన సుబ్బరాయుడు దుంగలోనే ఉండిపోయాడు. పైడమ్మ అటు వెళ్ళిందో లేదో, ఇటు సూర్యుడు నడినెత్తికొచ్చాడు.

"భోజనాల వేళైనట్టుందండీ," అన్నాడు సుబ్బరాయుడు.

"అప్పుడేనా?" అంది జలజాక్షి వెనక్కి వెనక్కి జరుగుతూ. "ఇంకా ఎక్కడండీ, మబ్బు పట్టింది గానీ లేకపోతే ఎండ ఇంకా ఏటవాలుగానే..."

"మబ్బు లేదు కదండీ."

"వస్తుందండీ. నాకు తెలుస్తుంది కదా."

"చూడండి జలజాక్షిగారూ," అన్నాడు సుబ్బరాయుడు నిజంగా బాధపడుతూ. "మీ మీద నాకే కోపమూ లేదు. మీ మాటలు కూడా నాకిష్టమే. అక్కడైతే ఎలుకలుండేవి, నా తిండికి నాకు లోటుండేది కాదు. ఇక్కడికొచ్చాక ఏముంది చెప్పండి? మీరే ఉన్నారు."

దుంగ చివర్న ఒక చిన్న పగులుంది. జలజాక్షి దాన్లోకి వీపు దూర్చేసింది. సగం పట్టింది, మూతీ ముందరి కాళ్ళూ బయటే ఉండిపోయాయి. సుబ్బరాయుడు తల దగ్గరికొచ్చింది. సరిగ్గా అప్పుడు బయట ఎవరో అరిచారు, "సహాయ కేంద్రం! ఎవరండీ లోపల? బండ దగ్గరికొకళ్ళు కావాలి! కొండలరావుగారు రమ్మన్నారు!"

"పని పడింది!" అని జలజాక్షి ఒక్క అరుపు అరిచింది. "భోజనాల టైము అయిపోయింది! వంతు మీదే సుబ్బరాయుడుగారూ, నడవండి!"

సుబ్బరాయుడు నియమం తప్పేవాడు కాదు. నోరు మూసుకుని, "అలాగేనండీ," అని పాక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఆ పూట పగుల్లోంచి ఒళ్ళు బయటికి లాక్కోవడానికి జలజాక్షికి చాలాసేపు పట్టింది. ఆ చాలాసేపట్లో ఒక విషయం బాగా అర్థమైంది. వంతులు పిలిచేది తనే. ఎవరి వంతు అన్నది తను ఎవరి పేరు పిలిస్తే అదే.

ఇక ఆ రోజు నుంచి సహాయ కేంద్రంలో ఒకటే పద్ధతి. ఏ కబురొచ్చినా సుబ్బరాయుడే. పొద్దున కొండకి సుబ్బరాయుడు. అక్కణ్ణుంచి రాగానే బండకి సుబ్బరాయుడు. నడినెత్తిన సూర్యుడొచ్చే వేళకైతే ఆయన అడవిలో ఎంత దూరంగా ఉంటే అంత మంచిదని చూసుకునేది.

"వంతంటే ఇంకొకళ్ళకి కూడా వస్తుందేమో కదండీ," అనేవాడు ఆయన వగరుస్తూ.

"మీరంటే అందరికీ గురి కదండీ, మిమ్మల్నే అడుగుతున్నారు!" అనేది జలజాక్షి. అలా అన్నప్పుడల్లా మనసులో కాస్త గుచ్చుకునేది. కానీ ఏం చేస్తుంది పాపం, ప్రాణం కదా.

మరి సుబ్బరాయుడు వెళ్ళిన చోట ఏం జరిగేదో వినండి.

చింతపండు బండ మీదికి ఆయన పాక్కుంటూ ఎక్కగానే కొండముచ్చులన్నీ కెవ్వుమని చెట్లెక్కేశాయి. ఆయన బండ మధ్యలో బుద్ధిగా చుట్ట చుట్టుకుని కూర్చున్నాడు.

"వానొస్తుందా?" అని అరిచాడు కొండలరావు చెట్టు చిటారుకొమ్మ మీంచి.

"నాకు తెలీదండీ," అన్నాడు సుబ్బరాయుడు. "నా వంతని కూర్చున్నాను."

"మరి ఎప్పుడు లేస్తావయ్యా?"

"అదీ తెలీదండీ. వానొస్తుందేమో చూసి చెప్పమన్నారు. వస్తే చెబుతాను."

వాన వచ్చింది. వచ్చిందని ఆయన చెప్పాడు కూడా. అప్పటికి చింతపండంతా కరిగి, బండ మీంచి కారి, వాగులో కలిసి, దిగువన చేపలన్నీ మూతి ముడుచుకున్నాయి. ఆ పూట ఆ వాగులో నీళ్ళు తాగినవాళ్ళు 'కాస్త ఇంగువ పోపు పడితేనా' అన్నారట.

కొండ దగ్గర ఇంకో కథ. పైడమ్మ అక్కడ లేదని తెలిసి నాగుపాములు ఒక్కొక్కటే దారిలోకి దిగాయి. జాంబయ్య కబురు పంపితే సుబ్బరాయుడు వచ్చి వాటితో చాలా మర్యాదగా మాట్లాడాడు. అవీ ఇంకా మర్యాదగా మాట్లాడాయి. వరసలు కలిపితే ఎక్కడో మేనమామ వైపు చుట్టరికం కూడా తేలింది. "మనవాళ్ళే జాంబయ్యగారూ, పాపం పుట్టల్లో నీళ్ళు చేరి వచ్చారు," అని చెప్పి ఆయన వచ్చేశాడు. జాంబయ్య తేనెపట్టు దాకా పోలేక కింద కూర్చుని పైకి చూస్తూ ఉండిపోయాడు.

ఇక కొట్టు సంగతి చెప్పనక్కర్లేదు. పైడమ్మ వచ్చింది ఒక్కసారే, ఆ తర్వాత వరహాలు నిద్ర లేచి కబురు పంపిందీ లేదు. సుబ్బరాయుడు ఎప్పుడూ ఇంకో చోటుకి వెళ్తూనో వస్తూనో ఉండేవాడు. ఎలుకలు గింజల మీదే పెళ్ళిళ్ళు చేసుకున్నాయి. భోజనాల బంతుల్లో వరహాలు పొట్టే బల్లగా వాడుకున్నా ఆయన లేవలేదు.

వానాకాలం సగంలో ఐరావతమ్మగారు సమీక్ష పెట్టారు. రంగనాయకులు నిండు పసుపు రంగులో వచ్చారు.

"అమ్మగారూ, ఫలితాలు మనం అనుకున్నదానికన్నా బాగున్నాయి. ఇదివరకు సాయం కావాలని అడిగిన జంతువే లేదు. ఇప్పుడు రోజూ అడుగుతున్నారు. అంటే మన సేవకి ఎంత గిరాకీ ఉందో చూడండి! ఇదివరకు ముగ్గురూ ఖాళీగా ఉండేవాళ్ళు. ఇప్పుడు సుబ్బరాయుణ్ణి చూడండి, ఎముకల గూడైపోయాడు."

"మా తేనె పోయిందమ్మగారూ," అన్నాడు జాంబయ్య.

"మా చింతపండు చారైపోయింది," అన్నాడు కొండలరావు.

"వానల వల్ల," అన్నారు రంగనాయకులు. "వానలు పడతాయని ఎవరైనా ముందే ఖాయంగా చెప్పారా? లేదు. తెలీని పరిస్థితిలో తీసుకున్న నిర్ణయం తప్పెలా అవుతుంది?"

జలజాక్షి గెంతి ముందుకొచ్చింది. "అమ్మగారూ, మీ కాళ్ళకి దణ్ణం పెడతాను, మమ్మల్ని వెనక్కి పంపెయ్యండి. ఎక్కడివాళ్ళం అక్కడుంటే అన్నీ సర్దుకుంటాయి."

ఐరావతమ్మగారి ముఖం గంభీరమైపోయింది. "వెనక్కా? జలజాక్షీ, నేను ఇంత అడవిని నడిపిస్తున్నాను. ఏనుగు అడుగు వెనక్కి వేసిందని పొరుగడవిలో తెలిస్తే నా తొండం ఎక్కడ పెట్టుకోను? ముందుకే వెళ్దాం. ఇంత గిరాకీ ఉంటే ముగ్గురెలా సరిపోతారు? రంగనాయకులుగారూ, ఇంకెవర్ని చేర్చుదాం?"

"కొంగని అనుకుంటున్నానమ్మగారూ," అన్నారు రంగనాయకులు. "డేగని కూడా. చురుకైనవాళ్ళు. వచ్చే అమావాస్యకల్లా దుంగలో కూర్చోబెట్టేద్దాం."

కొంగ! డేగ! జలజాక్షి ఒక్క సుబ్బరాయుణ్ణి తిప్పి తిప్పి ఇన్నాళ్ళు బతికింది. ముగ్గురు తినేవాళ్ళని ఎటని తిప్పుతుంది? పైడమ్మ పాముకి జవాబు చెప్పగలదు గానీ పైనుంచి దిగే డేగకి ఏం చెబుతుంది?

బతిమాలితే వినరు. తప్పని చూపిస్తే వానల మీదికి నెట్టేస్తారు. వెనక్కి అన్న మాటైతే అసలు పనికిరాదు. జలజాక్షి కళ్ళు రెండూ లోపలికి లాక్కుని ఒక్క క్షణం ఆలోచించింది. కప్పలు ఏదైనా మింగేటప్పుడు అలా చేస్తాయి. ఆవిడ అప్పుడు మింగింది భయాన్ని.

"అమ్మగారు చెప్పింది నిజమండీ," అంది గొంతు మార్చి. "నేను చిన్నదాన్ని, నాకు తెలీలేదు. ఇంత పెద్ద కేంద్రాన్ని నాలాంటిది వంతులు పిలిస్తే ఏం బాగుంటుంది? దీన్ని ఊహించినవారే దీన్ని నడిపించాలి. రంగనాయకులుగారు పైన కొమ్మ మీద కాకుండా మా మధ్యలో, దుంగలో కూర్చుంటే మాకెంత ధైర్యమో!"

రంగనాయకులు పసుపు కాస్తా తెల్లబడింది. "అబ్బే, సలహాదారులు దూరం నుంచి చూస్తేనే..."

"చాలా మంచి మాట," అన్నారు ఐరావతమ్మగారు. "రేపట్నుంచి మీరే కేంద్రం పెద్ద. లోపలే కూర్చోండి."

మర్నాడు పొద్దున్నే రంగనాయకులు దుంగలోకి దిగారు. ఆఫీసు టైమంతా బాగానే గడిచింది. సూర్యుడు నడినెత్తికొచ్చే ముందు జలజాక్షి పైడమ్మ చెవి దగ్గరికి వెళ్ళింది.

"వదినా, నువ్వు కొండ దాకా వెళ్ళిరా."

"కబురేం రాలేదు కదే! నేను వెళ్తే ఇక్కడ నువ్వు..."

"తెలుసు. వెళ్ళు."

పైడమ్మ ఆవిడ ముఖం ఒకసారి చూసి వెళ్ళిపోయింది. జలజాక్షి పగుల్లోకి వీపు దూర్చింది. ఈసారీ సగమే పట్టింది. కప్పలు భయపడినా సన్నబడవు పాపం.

"భోజనాల వేళైనట్టుందండీ," అన్నాడు సుబ్బరాయుడు. ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

రంగనాయకులికి కొంచెం ఆలస్యంగా వెలిగింది. వెలగ్గానే ఆయన దుంగ రంగులోకి మారిపోయి, కదలకుండా బెరడులా అతుక్కుపోయారు. ఆయన్ని అక్కడ పెట్టినవాళ్ళు కూడా గుర్తుపట్టలేరు.

"చాలా బాగా కలిసిపోయారండీ," అన్నాడు సుబ్బరాయుడు మెచ్చుకోలుగా. "అసలు కనబడ్డం లేదు. కానీ వాసన వస్తోంది సార్."

"జలజాక్షీ!" అంది బెరడు. "పని పిలువు! ఎవరికో ఏదో కావాలని పిలువు!"

"ఎవరూ కబురు పంపడం లేదు సార్," అంది జలజాక్షి పగుల్లోంచి. "మన సాయం చూశాక అందరూ అడగడం మానేశారు. గుమ్మం ముందు ఒక్క చీమైనా లేదు."

"పైడమ్మేదీ?"

"కొండకెళ్ళింది సార్."

సుబ్బరాయుడు నింపాదిగా కదిలాడు. ముందు జలజాక్షి వైపు రెండు బారలు, మళ్ళీ ఆగి రంగనాయకులు వైపు తల తిప్పాడు. ఎవరితో మొదలుపెట్టాలా అని ఆలోచిస్తున్నట్టున్నాడు. పాపం ఆయనకీ ఇలాంటి నిర్ణయాలు అలవాటు లేదు.

"ఆగండి, ఆగండి!" అన్నారు రంగనాయకులు. ఒంటి మీద రంగులన్నీ ఒకదాని వెనక ఒకటి పరుగెడుతున్నాయి. "ఈ కేంద్రం ఎత్తేద్దాం! అందర్నీ వెనక్కి పంపమని అమ్మగారితో నేను చెబుతాను!"

"వెనక్కి అంటే అమ్మగారు ఒప్పుకోరు సార్," అంది జలజాక్షి. "నిన్న నేనన్నానుగా, ఏమైంది? ముందుకెళ్ళేదేదైనా ఉంటే చెప్పండి. తొందరగా."

"ముందుకి... ముందుకి..." రంగనాయకులు కళ్ళు చెరో వైపు గిర్రున తిరిగాయి. "వచ్చేసింది! 'చెంతనే సేవ' పథకం! సాయం కోసం ఎవరూ కేంద్రానికి రానక్కర్లేదు. సాయమే వాళ్ళ దగ్గరికెళ్ళి అక్కడే కాపురముంటుంది! ఏ అడవిలోనూ ఇంతవరకు లేదు! కొండ దగ్గర ఒకళ్ళు, బండ దగ్గర ఒకళ్ళు, కొట్టులో ఒకళ్ళు!"

సుబ్బరాయుడు ఆగాడు. "కొట్టులో ఎవరండీ?"

"మీరే! మీరే సుబ్బరాయుడుగారూ! ఎలుకలు బలిసి బంతుల్లా ఉన్నాయట!"

సుబ్బరాయుడు కాసేపు కళ్ళార్పకుండా చూశాడు. అసలు ఆయనకి రెప్పలుంటేగా. తర్వాత చుట్ట చుట్టుకుని కూర్చున్నాడు. "అయితే ఈ పూటకి ఓపిక పడతానండీ."

ఆ సాయంత్రమే రంగనాయకులు ఐరావతమ్మగారి ముందు ఏనుగు రంగులో నిలబడి కొత్త పథకం చెప్పారు. ఆవిడ కళ్ళు మెరిశాయి. ఇది కదా ముందడుగంటే, అన్నారు. కొంగకీ డేగకీ అవసరం లేదని కబురెళ్ళింది. మర్నాడు పెద్ద సభ, దుంగ మామిడాకులే తీసుకొచ్చి వేదికకి కట్టారు.

సుబ్బరాయుడు బయల్దేరే ముందు జలజాక్షి దగ్గరికొచ్చి, కాస్త దూరంగా ఆగాడు. "నిన్న నిజంగానే తినేవాణ్ణండీ. అబద్ధం చెప్పకూడదు."

"తెలుసండీ," అంది జలజాక్షి. "నేనూ మిమ్మల్ని కావాలనే అడవంతా తిప్పాను. ఏమీ అనుకోకండి. ఆరోగ్యం జాగ్రత్త. ఒక్కసారిగా ఎక్కువ తినకండి, ఖాళీ కడుపు మీద పడదు."

సభలో ఐరావతమ్మగారు పథకం వివరిస్తుంటే అందరూ చప్పట్లు కొట్టారు. పైడమ్మ కొండకి, సుబ్బరాయుడు కొట్టుకి, జలజాక్షి బండకి అని ఒక్కొక్క పేరూ చదువుతుంటే జాంబయ్య మొహం చిట్లించి లెక్క కట్టుకున్నాడు. కట్టుకుని, గట్టిగానే మొదలుపెట్టాడు. "అదేంటి, ఇదంతా ఇదివరకు మన..."

జలజాక్షి ఎగిరి వెళ్ళి ఆయన ముక్కు మీద కూర్చుంది.

"జాంబయ్యన్నా, నీకు పుణ్యముంటుంది, ఆ మాట నోట్లోనే ఉంచుకో," అంది గుసగుసగా. "పాతదన్నావంటే అందరం మళ్ళీ దుంగలోకే. పక్కన కొంగతో సహా."

జాంబయ్య కాసేపు ఆలోచించాడు. తర్వాత ఆ పెద్ద అరచేతులు రెండూ ఎత్తి, అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు.

కాబట్టి నీతి ఏమిటంటే: తప్పు చేసినా పరవాలేదు గానీ, దాన్ని దిద్దుకునేటప్పుడు మాత్రం కొత్త పేరు పెట్టడం మర్చిపోకూడదు.